ఏరని ఒప్పుకోమన్న మనిషి

"అప్పా, వానలు గట్టిగా పడినాయి. ఏరు రెండు గట్లూ రాసుకుని ఎల్తంది. ఇప్పుడైనా ఏరని ఒప్పీసుకో."

"ఒప్పుకోనప్పా. అది గెడ్డే."

"నీకన్నా మా గేదె నయం. దిగితే దాని మెడదాకా వచ్చినాయి నీళ్లు. దాన్నడుగు."

"ఫోను దానికియ్యి, అడుగుతా."

ఇచ్చాడో ఏమో తెలియదు. బుస్సు బుస్సుమని ఊపిరి వినపడింది, లైను తెగిపోయింది. ఆ మనిషికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆ ఊపిరి గేదెదో ఆయనదో నాకు ఇప్పటికీ అనుమానమే.

పోయిన శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, అబ్బాసియా బజారులో జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే టైలరు చెప్పాడు, ఆయన చనిపోయాడని. టైలరుదీ శ్రీకాకుళం వైపే, ఆయన ఊరికి దగ్గరే. "ఏట్లో గానీ పడినాడా?" అని అడిగాను. "కాదమ్మా, అన్నం తిని మంచమ్మీద నడుం వాల్చినాడట. మరి లెగనేదు" అన్నాడు. నా ప్రశ్నే పిచ్చిది. ఏట్లో పడే మనిషి కాదు ఆయన. ఆ ఒడ్డున పుట్టాడు, ఆ ఒడ్డున పెరిగాడు, ఈత మాత్రం రాదు. నీళ్ళు మోకాలు దాటితే గట్టెక్కి, అక్కడ నిలబడి పొగిడే రకం.

నాకు సంతకం ఒక్కటే వచ్చు. మా అన్న కూతురు ఇక్కడే నర్సుగా చేస్తోంది. ఆ పిల్ల గదిలో కూర్చుని నేను చెబుతుంటే తను రాస్తోంది. "పేరు చెప్పత్తా" అంది. పేరుతో పనేముంది? మేం పని చేసిన ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆయన నన్ను అప్పా అనేవాడు, వాళ్ళ వైపు అప్ప అంటే అక్క. నేనూ ఆయన్ని అప్పా అనేదాన్ని, మా కడప వైపు మగమనిషిని అట్లాగే పిలుస్తాం. వంటింట్లో ఇద్దరం ఒకరినొకరు అప్పా అప్పా అని తిట్టుకుంటుంటే, ఇంటివాళ్ళు మా ఇద్దరికీ ఒకటే పేరనుకున్నారు. ఎవరైనా "అప్పా!" అని కేక వేస్తే ఇద్దరం లేచేవాళ్ళం, లేదంటే ఇద్దరం లేచేవాళ్ళం కాదు.

ఆ ఇల్లు ముబారక్ అల్ కబీర్‌లో. మొబైల్ ఫోను ఇంకా మా చేతుల్లోకి రాని కాలం. ఆయన వంట చేసేవాడు. ఇంటాయన తల్లి చక్రాల కుర్చీలో ఉండేది. ఇక్కడ ఇంటి ఆడవాళ్ళను మామా అంటాం, ఆమెను పెద్ద మామా అనేవాళ్ళం. ఆమెకు స్నానం చేయించడం, తినిపించడం, తల దువ్వడం నా పని.

నేను వచ్చిన మొదటి రోజు వంటింట్లో నేలమీద కూర్చుని అన్నం పెట్టుకున్నాం. మా ఆయన పోయి ఏడాది తిరగకముందే విమానం ఎక్కాను. నోట్లోకి ముద్ద పోవడం లేదు. ఎదురుగా ఈయన ఏం చేస్తున్నాడయ్యా అంటే, అన్నమంతా పళ్ళెంలో ఒక పక్కకు కుప్ప పోశాడు. కుప్ప కొసను గిల్లాడు. అక్కణ్ణుంచి చూపుడువేలితో వంకరటింకరగా కాలువ తీసుకుంటూ వచ్చాడు. కొస మీద గరిటెతో పప్పుచారు పోశాడు. చారు మెల్లగా దిగుతోంది, ఈయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. సగం దారిలో గట్టు తెగింది, చారంతా అన్నంలో ఇంకిపోయింది. ఉసూరుమని మొత్తం చెరిపి మళ్ళీ కుప్ప పోశాడు.

"ఏమప్పా, తింటాండావా, సేద్యం చేస్తాండావా?" అన్నాను.

"ఇది మా ఏరప్పా. ఇదిగో, ఇది కొండ. ఒరిస్సా అంచునున్నాది. దాని రాతి సందులోంచి కారతాది. సెంబు పెట్టి కూకుంటే, అది నిండేలోగా ఒక కునుకు తియ్యొచ్చు. ఇది సవరోల ఊరు. ఈ మిరపకాయ మా ఊరు."

"సముద్రం యాడ?"

"పల్లెం అంచు."

పాపం, మనిషి కష్టపడుతున్నాడని ఊరగాయ ముక్క ఒకటి ఆ అంచున వేయబోయాను. "ఓలమ్మో! సముద్రంలో సెయ్యెట్టీసినావేటి!" అని కేక వేశాడు.

ఒక్క సంగతి చెప్పాలి. మొగుడు పోయిన ఆడదానితో అందరూ మెల్లగా మాట్లాడతారు. ఊర్లో అట్లాగే మాట్లాడారు. విమానంలో పక్క సీటామె సంగతి తెలిసి అట్లాగే మాట్లాడింది. ఆ మెత్తటి గొంతులు వింటే నాకు ఒళ్ళు మండేది. మా ఆయనా నేనూ రోజూ పోట్లాడుకున్నవాళ్ళం. ఆయన పోయాక నా మీద గొంతు పెంచి అరిచిన మొదటి మనిషి ఈ వంటాయన. నేనూ తిరిగి అరిచాను. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఆ ఏటి దారంతా నాకు కంఠతా వచ్చింది. రాక చస్తుందా, రోజూ వింటే? దాని భూగోళమంతా వాళ్ళ చుట్టాలు కాలుజారిన చోట్లే. కొండ దిగగానే మొదటి వంపు మేనత్త మలుపు. ఆమె పెళ్ళిచూపుల కోసం పట్టుచీర కట్టుకుని పోతూ అక్కడ జారి పడింది. తడిచీరతోనే పోయి కూర్చుంటే పెళ్ళికొడుకువాళ్ళు ఒప్పుకున్నారు, అందుకని ఆ మలుపు మంచిదట. దాని కింద చిన్నాన్న మడుగు. అక్కడ చిన్నాన్న పంచె కొట్టుకుపోతే పొద్దు వాలేదాకా మొగలి పొదలో కూర్చున్నాడు. మొగలి పొదలో ముళ్ళుంటాయని అందరికీ తెలుసు, చిన్నాన్నకు ఆ రోజు తెలిసింది. అక్కణ్ణుంచి ఏరు రైలు వంతెన కింద దూరి, జీడితోటల మధ్య ఒళ్ళు విరుచుకుని, సముద్రం దగ్గరికి పోతుంది. ఏరు సముద్రంలో కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు. ఎండాకాలం అలలు ఇసక తెచ్చి మొగను మూసేస్తాయి. అప్పుడు ఏరు ఆ ఇసక గట్టుకు ఇవతల, తలుపు తీసేవాళ్ళ కోసం చూసే చుట్టంలాగా కూర్చుంటుంది. మళ్ళీ వానలు పడితే గట్టు తెంచుకుని లోపలికి పోతుంది.

ఆయనకు తూర్పూ పడమరా లేవు, ఎగువా దిగువే. "ఉప్పు ఎగువన ఎట్టీసినాను" అనేవాడు. వంటిల్లు చూస్తే చదునుగా ఉండేది. ఎగువ ఎక్కడని అడిగితే చెంబుడు నీళ్ళు నేలమీద గుమ్మరించాడు. నీళ్ళు బట్టల మిషను పక్కనున్న తూముకేసి పోయాయి. ఆ రోజు నుంచి తూము సముద్రం, పొయ్యి ఒరిస్సా. తుడిచింది మాత్రం నేను.

పెద్ద మామాకు కూడా ఈ ఏటి పిచ్చి అంటుకుంది. ఆమె పుట్టి బుద్ధెరిగి ఏరు చూడలేదు, కువైట్‌లో ఏరెక్కడిది? నేను తినిపిస్తుంటే ఈయన పక్కన నిలబడి సగం అరబ్బీ, సగం చేతులతో నీళ్ళను నడిపించేవాడు. తెల్లారి ముద్ద నోటికి అందించేలోపే ఆమె అడిగేది, "మాయ్ వేన్ వసల్?" అని. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. మేనత్త పడిన చోటికి వచ్చేసరికి "మిస్కీనా, మిస్కీనా" అని, అయ్యో పాపమని, రొమ్ము మీద చెయ్యి వేసుకునేది. రోజూ పడే మేనత్తే. రోజూ అంతే బాధ.

ఇట్లా సాఫీగా పోతున్నదాన్ని చెడగొట్టింది టైలరు.

ఒక శుక్రవారం ఈయన చొక్కా కొలతలివ్వడానికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. రెండు చేతులూ పైకెత్తి నిలబడి, ఊరికే ఉండలేక, టైలరుకు ఏటి దారి చెప్పడం మొదలుపెట్టాడు. రైలు వంతెన దాకా రాగానే టైలరు టేపు దించాడు.

"ఆగండాగండి. జీడితోటల కాడ సిన్న బ్రిడ్జి, దాని కింద ఎల్లేదేనేటి మీరు సెప్తన్నది?"

"అదే."

"ఓలమ్మో! అది గెడ్డ కదేటి! ఏసవిలో మా మేకలు కాలు తడవకుండా దాటీస్తాయి."

ఈయన చేతులు అట్లాగే గాల్లో ఉండిపోయాయి. గెడ్డ అంటే ఏందని అడిగాను. కొండ మీంచి వానకు దిగే చిన్న పారుదలను వాళ్ళు అట్లా అంటారట. మేం వంక అంటాం. టైలరు నవ్వుతూ కొలత తీశాడు, ఈయన చేతులు దించలేదు. ఆ చొక్కా చంకల దగ్గర గోనెసంచిలాగా వచ్చింది.

ఆ దెబ్బకు మనిషి పాడైపోయాడు. అన్నంలో చారు మామూలుగా కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. కొండ లేదు, కాలువ లేదు. ఆ పళ్ళెం చూస్తే నాకే భయమేసింది. పెద్ద మామా "మాయ్ వేన్ వసల్?" అంటే, "మాయ్ మాకూ" అనేవాడు. నీళ్ళు లేవని. ఆమె నా వైపు తిరిగి, మరి మేనత్త ఏమైందని సైగ చేసేది. ముద్ద మింగేది కాదు.

ఓదారుద్దామనే పోయాను. నా నోరు అట్లాంటిది, ఓదార్పు రాదు.

"పోనీలేప్పా. ఏరంటే వెడల్పుండాల. మా కడప ఏరు చూసినావంటే, ఈ గట్టున నిలబడి అరిస్తే ఆ గట్టుకు ఇనపడదు."

"నీళ్లో?"

"ఇసక కింద ఉంటాయి. చెలమ తవ్వుకుంటాం."

"నీళ్లు కనపడంది ఏరేటి? అది మైదానం!"

"పారేకి చోటు లేనిది ఏరెట్లయితాది? అది వంక."

"మీ బాసలో తిట్టకు. తిడితే గెడ్డనే తిట్టు!"

అరిచాక కొంచెం రంగు తిరిగాడు. "సూపిస్తాను. నీకూ ఆడికీ, అందరికీ సూపిస్తాను" అని గంటె ఊపుతూ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. తన ఏరు ఏరేనని ఎవరో ఒకరు నోరారా అనాలి.

చలికాలం వచ్చింది. ఇంటివాళ్ళకు ఎడారి వైపు కబ్ద్‌లో మజ్రా ఉండేది, అంటే తోట. మేకల దొడ్డి, నాలుగు ఖర్జూరం చెట్లు, చుట్టూ ఇసక. సెలవు వస్తే అందరం అక్కడికి పోయి గుడారాలు వేసుకునేవాళ్ళం. పెద్ద మామా అక్కడ పట్టుబట్టింది, ఆ నీళ్ళు నాకు కళ్ళతో చూపించమని. ఇంటి యజమానురాలు సరేనంది. ఈయనకు ఇంకేం కావాలి?

మేకల దొడ్డి వెనకనున్న ఇసక దిబ్బను ఒరిస్సా చేశాడు. పార తీసుకుని దిబ్బ మీంచి కాలువ తవ్వాడు. ప్రతి వంపూ కొలిచినట్టు పెట్టాడు. పుదీనా కొమ్మలు గుచ్చి జీడితోటలన్నాడు. టీ ట్రే బోర్లించి రైలు వంతెన చేశాడు. బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు ఒకటి తెచ్చి మలుపులో నిలబెట్టాడు. అది మేనత్త. నీళ్ళ ట్యాంకరు గొట్టం తెచ్చి కొండ మీద పెట్టి "యల్లా!" అన్నాడు.

కబ్ద్ ఇసక ఊరుకుంటుందా? పోసింది పోసినట్టు తాగేసింది. నీళ్ళు కొండ కూడా దిగలేదు. ఈయన బోర్లా పడుకుని ఇసకకు చెవి ఆనించి వింటున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది. మా ఏరు ఇట్లనే ఉంటాది" అన్నాను. ఇసక పిడికెడు తీసి నామీద విసిరాడు.

ఉపాయం ఆయనకే తట్టింది. అరబ్బులు నేలమీద కూర్చుని తినేటప్పుడు పళ్ళేల కింద పల్చటి ప్లాస్టిక్కు పరుస్తారు, సుఫ్రా అంటారు. చాప చుట్టినట్టు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. వంట సామాన్లలోంచి ఆ చుట్టలన్నీ లాక్కొచ్చాడు. కొండ నుంచి కిందిదాకా కాలువలో పరిచి, అంచుల మీద ఇసక కప్పి, గులకరాళ్ళు పెట్టాం. ఆ సుఫ్రా మీద గులాబీ పూల బొమ్మలు. ఏరంతా గులాబీలే. పెద్ద మామా కుర్చీని మేనత్త మలుపు దగ్గరికి తోశాను.

నీళ్ళు వదిలాడు. ఈసారి పారింది. కొండ దిగింది, సవరోళ్ళ ఊరు దాటింది, గలగలమంటూ మలుపు తిరిగింది, క్లిప్పును తాకింది. క్లిప్పు ఊగి, వెల్లకిలా పడింది.

"పడిపోనాది! సరీగా ఇలాగే పడిపోనాది!" అని ఈయన గెంతాడు. పెద్ద మామా "మిస్కీనా!" అని అరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నీళ్ళు చిన్నాన్న మడుగు నింపి, వంతెన కింద దూరి, పుదీనా తోటల్లో ఒళ్ళు విరుచుకున్నాయి. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. గొట్టం కట్టేయాలనే ధ్యాస ఎవరికీ లేదు.

ఇంతా చేసిన మనిషి ఒక్కటి మరిచాడు. కబ్ద్‌లో సముద్రం లేదు. పల్లం ఎటుంటే అటు తవ్వుకుంటూ పోయాడు, ఆ పల్లంలో మగవాళ్ళ గుడారం ఉంది. లోపల తివాచీల మీద ఇంటాయన, వాళ్ళ స్నేహితులు దీవానియా కొలువు పెట్టుకుని టీ తాగుతున్నారు.

లోపలి నుంచి కేకలు. తర్వాత బాబా, అంటే ఇంటాయన, బయటికి వచ్చాడు. తెల్లటి దిష్‌దాషా అంగీ మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకు అంటుకుపోయింది. చేతిలో చెప్పు. "మిన్ జాబ్ హన్నహర్?" అని ఉరిమాడు. ఈ ఏటిని ఇక్కడికి తెచ్చింది ఎవడని. నహర్ అంటే వాళ్ళ మాటలో ఏరు.

పక్కకు చూస్తే ఈయన ముఖం వెలిగిపోతోంది.

"అప్పా! ఇన్నావేటి! నహర్ అన్నాడు! బాబా తన నోటితో నహర్ అన్నాడు!"

"మూసుకోప్పా, సంపుతాడు!"

వింటేగా. తడి బట్టలతో వణుకుతున్న బాబా దగ్గరికి పోయి, వినయంగా చేతులు కట్టుకుని, "శినూ గిల్త్, బాబా?" అన్నాడు. ఏమన్నారు, ఇంకోసారి చెప్పండి అని. బాబా చెప్పు పైకెత్తాడు. "ఖలాస్! బుక్రా సఫర్!" అన్నాడు. ఇక చాలు, రేపే నిన్ను దేశం పంపించేస్తానని. "సరే బాబా, సఫర్. అంతకు ముందేటన్నారు?" అన్నాడు ఈయన.

కాపాడింది పెద్ద మామానే. నవ్వి నవ్వి ఆమె కట్టుడు పళ్ళు ఒళ్ళో పడ్డాయి. వాటిని చేత్తో పట్టుకునే కొడుకును కేకలేసింది. వీడు పోతే నా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఎవడు చెబుతాడు, నువ్వు చెబుతావా అని. బాబా చెప్పు కాలికి తొడుక్కుని లోపలికి పోయాడు. ఆ తివాచీలు ఆరేదాకా ఈయన వాటిని ఎండలో కర్రతో కొడుతూనే ఉన్నాడు. ఒక్కో దెబ్బకూ "నహర్, నహర్" అంటూ కొట్టాడు.

తిరిగి రాగానే మొదటి శుక్రవారం టైలరు దగ్గరికి పరిగెత్తాడు. టైలరు దారం కొరుకుతూ విన్నాడు.

"కువైటీ వోలకేటి తెలుసు? పైపు పగిలినా నహరే అంటారు" అన్నాడు.

ఈయన నా వైపు తిరిగాడు. "అయితే అప్ప సెప్తాది. అప్పకి మా ఊరితో సుట్టరికం నేదు. పైగా కల్లారా సూసింది. అప్పా, సెప్పు. ఏరా, కాదా?"

ఇద్దరూ నా నోటికేసి చూస్తున్నారు. టైలరు సూది గాల్లో ఆపాడు.

"గెడ్డే" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు తెలియదు. ఆయన ముఖం చూడాలి! కానీ కుంగిపోలేదు. "నీ సంగతి సూస్తాను" అన్నాడు. దారి పొడుగునా బస్సులో వాదించాడు. మరుసటి రోజు అన్నంలో కొండ లేచింది, కాలువ పారింది. నన్ను ఒప్పించేదాకా వదలనని మంగమ్మ శపథం పట్టాడు. పెద్ద మామా చనిపోయేదాకా మేం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆయన ఊరికి వెళ్ళిపోయేటప్పుడు విమానాశ్రయానికి పోయే బండి కిటికీలోంచి తల బయటపెట్టి, సుఖంగా ఉండమ్మా అనాల్సిన చోట "ఒప్పుకో!" అని అరిచాడు. తర్వాత ఫోన్లు. ప్రతి వానాకాలం ఫోను. ఏట్లో ఎన్ని నీళ్ళు, ఎవరి మేక కొట్టుకుపోయింది, మొగ తెగిందా లేదా. చివర్న ఆ ఒక్క మాట. ఒప్పుకో.

ఒప్పుకుంటే నా సొమ్మేం పోయేదని ఈ పిల్ల అడుగుతోంది. పిచ్చిదానా, ఒప్పుకుంటే ఆయనకు నాకు ఫోను చేసే పనేముంటుంది? బాగున్నావా అంటే బాగున్నావా అనుకుని పెట్టేస్తారు మనుషులు. నాతో పోట్లాడటానికి అంత దూరం నుంచి ఫోను చేసే మనిషి ఇంకొకరు ఉన్నారా?

అందుకే ఆయన ఎంత అడిగినా ఆ మాట నా నోట రానీయలేదు. చచ్చిపోయాడని ఇప్పుడు జాలిపడి మార్చేది లేదు. నేను దాన్ని ఒక్కనాడూ ఏరనలేదు, అనను. అట్లాగే రాయి.

ఎందుకాపినావు మే? ఎందుకు నగుతాండావు?

"అత్తా, పొద్దున్నుంచి ఏరనే చెప్పినావు కదా."

"ఎవరు, నేనా?"

"నువ్వే. ఏటి దారి, ఏట్లో నీళ్ళు, ఏరు ఒళ్ళు విరుచుకునింది. నీ అంతట నువ్వు చెప్పేటప్పుడు అన్నీ ఏరే. గెడ్డన్నది ఆయనతో కొట్లాడేటప్పుడు మాత్రమే."

"నువ్వు చదువుకున్నదానివని మార్చి రాసుంటావు."

"నీ తోడు, ఒక్క ముక్క మార్చలేదు."

"ఇట్ల చూపీ. ఏముండాది ఈడ, చీమలు పోతాండట్ల! నాకేం తెలుస్తాది. నువ్వే చదువు మే. మొదటి నుంచి చదువు. ఏరని వచ్చిన కాడంతా కొంచెం గట్టిగా చదువు."